రాకీస్ 43-119 తర్వాత: 2026లో ఏ పందెంలో పస ఉంది?

కొండమీది_బంతి

సీజన్ మొదలయ్యేలోపు లెక్కలన్నీ ఒకచోట పెట్టుకుందామని ఈ థ్రెడ్ తెరుస్తున్నా.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఎంఎల్‌బీ) జట్టు కొలరాడో రాకీస్ 2023లో 59-103 (59 గెలుపులు, 103 ఓటములు), 2024లో 61-101, 2025లో 43-119. వరుసగా మూడేళ్లు వందకు పైనే ఓటములు. 2025లో కొట్టిన రన్లు 597, ఇచ్చిన రన్లు 1021, అంటే తేడా మైనస్ 424. 1900 తర్వాత ఇంత లోటు మూటగట్టుకున్న జట్టు ఇంకోటి లేదు. అంతకుముందు రికార్డు 1932 బోస్టన్ రెడ్ సాక్స్‌ది, అది మైనస్ 349. స్టార్టర్ల, అంటే మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ల ఈఆర్ఏ (ఫీల్డర్ల తప్పులు తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన రన్లు) 6.65. మే 10న పాడ్రెస్ చేతిలో 21-0తో ఓడారు. మర్నాడు గెలిచినా మేనేజర్ బడ్ బ్లాక్‌ను తీసేశారు, అప్పటికి 7-33. ఆ తర్వాత వారెన్ షేఫర్ నడిపించాడు. సీజన్ అయ్యాక నవంబర్లో పాల్ డిపొడెస్టాను బేస్‌బాల్ వ్యవహారాల అధిపతిగా తెచ్చుకున్నారు.

తేల్చుకోవాల్సినవి మూడు: రోజువారీ మ్యాచ్‌ల్లో వీళ్ల మీద వెయ్యాలా, ఎదురు వెయ్యాలా? సీజన్ మొత్తం గెలుపులకు బుక్‌లు (పందేలు తీసుకునే కంపెనీలు) గీసిన లైన్‌కి పైన (ఓవర్) వెయ్యాలా, కింద (అండర్) వెయ్యాలా? వాళ్ల సొంత మైదానం కూర్స్ ఫీల్డ్‌లో టోటల్స్ (రెండు జట్ల రన్లు కలిపి వేసే పందేలు) సంగతేంటి?

మోడరేటర్

చర్చ మొదలవకముందే ఒక మాట. అమెరికాలో ఉన్నవాళ్లు కూడా మీ రాష్ట్రం చూసుకోండి. ఆటల మీద పందెం కొలరాడోలో 2020 మే 1 నుంచి చట్టబద్ధం, న్యూజెర్సీలో 2018 నుంచి. టెక్సాస్, కాలిఫోర్నియా, జార్జియాల్లో లేదు. చూసేది మీ అడ్రసు కాదు, పందెం వేసే నిమిషంలో ఫోన్ ఎక్కడుందనేదే. వయసు చాలా రాష్ట్రాల్లో 21. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ పందేలు నిషిద్ధం. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపేసింది. అక్కడున్నవాళ్లు దీన్ని ఆట లెక్కలుగా చదువుకోండి, అంతవరకే. యాప్ లింకులు, టెలిగ్రామ్ టిప్ గ్రూపులు పెడితే పోస్ట్ తీసేస్తాం.

ఎదురుపందెం

ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? 162లో 119 ఓడిన జట్టు. రోజూ అవతలి జట్టు మీద వేసుకుంటూ పోతే చాలు. నూటికి 73 సార్లు గెలుస్తారు.

లెక్కల_మాస్టారు

73 సార్లు గెలవడం సరే, ఒక్కో గెలుపుకి ఎంత ఇస్తున్నారు? అది చూడకుండా ఏ మాటా చెప్పలేం.

119ని 162తో భాగిస్తే 73.5 శాతం. ఆ శాతానికి సరిపోయే ధర -277. అంటే 277 డాలర్లు పెడితే 100 లాభం. సగటున మీకు దొరికిన ధర -277 కంటే తక్కువ భారంగా ఉంటే లాభం, అంతకు మించితే నష్టం. ప్రతి మ్యాచ్‌కీ 100 డాలర్లు పెట్టారనుకోండి. సగటు ధర -250 అయితే 119 గెలుపులకు ఒక్కోటికి 40 చొప్పున 4760 వస్తుంది, 43 ఓటములకు 4300 పోతుంది. మిగిలేది 460. 16,200 డాలర్లు తిప్పితే 460. అదే సగటు -280 అయితే వచ్చేది 4250, పోయేది 4300. అంటే బేస్‌బాల్ చరిత్రలోనే అతి ఘోరమైన జట్లలో ఒకదానికి ఎదురు వేసి కూడా నష్టపోతారు.

అటువైపు నుంచి చూసినా అంతే. రోజూ రాకీస్ మీదే వేసినవాడికి సగటున +277 (100 పెడితే 277 లాభం) దొరికితేనే గిట్టుబాటు.

స్వాతి_స్లైడర్

మాస్టారు గారి లెక్కను సీజన్ మధ్యలో కోసి చూడండి, అసలు సంగతి బయటపడుతుంది.

మొదటి 59 మ్యాచ్‌లు: 9-50. అంతకుముందు సీజన్ చివరి నుంచీ కలిపి వరుసగా 22 సిరీస్‌లు (ఒకే జట్టుతో వరసగా ఆడే మూడు నాలుగు మ్యాచ్‌లు) ఓడారు, జూన్ మొదట్లో మయామీలో మూడుకు మూడు గెలిచేదాకా ఒక్క సిరీస్ కూడా దక్కలేదు. ఆ దశలో ఎదురు వేసినవాళ్లకు సగటున -220 దొరికిందనుకుంటే 50 గెలుపులకు 2273, 9 ఓటములకు 900. లాభం 1373.

తర్వాతి 103 మ్యాచ్‌లు: 34-69. గెలుపు శాతం 33. గిట్టుబాటు ధర +203. ఈ దశలో -250 చొప్పున ఎదురు వేసుంటే 69 గెలుపులకు 2760, 34 ఓటములకు 3400. నష్టం 640.

జట్టు అదే, పేరు అదే. "చరిత్రలోనే చెత్త జట్టు" అని టీవీలో, పేపర్లో మోగిపోయాక వచ్చినవాళ్లే మునిగారు. జులై మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి 22-74, ఆ తర్వాత 21-45. వార్త ముదిరేసరికి ధరలో అదంతా కలిసిపోయి ఉంటుంది.

ఇక్కడ పెట్టిన ధరలు లెక్క తెలియడానికి అనుకున్నవి. మీకు నిజంగా దొరికిన ధరలు రాసుకుని వాటితో మళ్లీ చెయ్యండి.

ఎదురుపందెం

ఒప్పుకుంటా, ధర ముఖ్యమే. కానీ స్వాతి గారూ, ఏప్రిల్లో ఎదురు వేస్తే లాభమే కదా? 2026లోనూ అదే చేద్దాం, జూన్‌కి ఆపేద్దాం.

స్వాతి_స్లైడర్

2025 ఏప్రిల్లో మార్కెట్ వీళ్లను మామూలు చెత్త జట్టుగానే అనుకుంది, ఎందుకంటే అంతకుముందు ఏడాది 61 గెలుపులు. 2026 ఏప్రిల్లో ధర వేసేవాడి కళ్ల ముందు 43 ఉంటుంది. ఆ తేడా మొదటిరోజు నుంచే ధరలో ఉంటుంది. పోయినేడు పనిచేసిన పందెం ఈ ఏడు పనిచెయ్యకపోవడానికి అదే కారణం.

బుల్‌పెన్_బాబాయ్

ధరను శాతంగా మార్చడం కొత్తవాళ్ల కోసం ఒకసారి రాసిపెడతా, కింద అందరూ వాడతారు.

ఫేవరెట్ (గెలుస్తుందనుకునే జట్టు) -250 అయితే: 250ని 350తో భాగించండి, 71.4. అండర్‌డాగ్ (ఓడుతుందనుకునే జట్టు) +205 అయితే: 100ని 305తో భాగించండి, 32.8. రెండూ కలిపితే 104.2. వందకు పైనున్న ఆ 4.2 బుక్ వాళ్ల కమీషన్, విగ్ అంటారు. దాన్ని తీసెయ్యడానికి ఒక్కోదాన్నీ 104.2తో భాగించాలి: ఫేవరెట్‌కి 68.5, అండర్‌డాగ్‌కి 31.5. మార్కెట్ నిజంగా చెబుతున్న మాట అదే. మీ అంచనా 33 అయితే మార్కెట్ కంటే మీరు పైన ఉన్నారు, కానీ గిట్టుబాటు గీత 32.8. లాభం వెంట్రుకవాసే.

అందుకే నాలుగు బుక్‌లు తిరగాలి. అదే 33 శాతానికి +205 దగ్గర వందకు 65 సెంట్లు మిగులుతాయి. +220 దొరికితే వందకు 5 డాలర్ల 60 సెంట్లు. పెద్ద అండర్‌డాగ్‌ల దగ్గర బుక్‌ల మధ్య ధరలో 10-20 పాయింట్ల తేడా మామూలే. ఒక్క యాప్‌తోనే కూర్చునేవాడు ఈ జట్టు జోలికి రాకపోవడం మంచిది.

కొండమీది_బంతి

సొంతగడ్డ, బయట విడివిడిగా చూస్తే: కూర్స్‌లో 25-56, బయట 18-63. ఇంట్లో గిట్టుబాటు ధర +224, బయట +350. ఇది ఒకే జట్టు కాదు, రెండు జట్లు అనుకుని ధర వెయ్యాలి.

కారణం అందరికీ తెలిసిందే అయినా వివరంగా చెప్పాలి. మైదానం సముద్రమట్టానికి సుమారు 5200 అడుగుల ఎత్తున ఉంది. పై అంతస్తులో ఊదారంగు సీట్ల వరస ఒకటి సరిగ్గా మైలు ఎత్తు, 5280 అడుగులు. గాలి సాంద్రత సముద్రమట్టం కంటే ఐదో వంతు దాకా తక్కువ. సముద్రమట్టంలో 400 అడుగులు వెళ్లే బంతి ఇక్కడ ఇంకో 20 అడుగుల దాకా పోతుంది. హోమ్ రన్లు విపరీతం కాకూడదని గోడలు దూరంగా కట్టారు: ఎడమ 347, మధ్య 415, కుడి 350. దాంతో అవుట్‌ఫీల్డ్ పెద్దదైపోయి ముగ్గురు ఫీల్డర్ల మధ్య బోలెడు ఖాళీ. సింగిల్స్, డబుల్స్, ట్రిపుల్స్ అక్కడ పడతాయి. 2002 నుంచి బంతుల్ని తేమ గదిలో పెడుతున్నారు, అది కొంత తగ్గించింది గానీ గాలిని మార్చలేదు.

పిచర్ల బాధ అంతకంటే పెద్దది. కర్వ్, స్లైడర్ లాంటి వంపు బంతులు (బ్రేకింగ్ బంతులు) తిరిగేది గాలి ఒరిపిడితోనే. గాలి పలచబడితే తిరుగుడు కూడా అంతే తగ్గుతుంది. చివర్లో జారాల్సిన బంతి జారకుండా నడుం ఎత్తులో వేలాడుతుంది.

నాలుగో_ఇన్నింగ్స్

దీనికే ఇంకో కొస ఉంది. కూర్స్‌లో వారం ఆడి బయటికి వెళ్లిన రాకీస్ బ్యాటర్లకు మొదటి రెండు మూడు మ్యాచ్‌ల్లో స్లైడర్లు, కర్వ్‌లు మునుపటికంటే ఎక్కువ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి, కన్ను సర్దుకోదు. అందుకే బయట మొదటి మ్యాచ్‌లో రాకీస్ టీమ్ టోటల్ (ఒక్క జట్టు రన్ల మీద పందెం) అండర్ చూస్తాను. ఎదుటి స్టార్టర్ బ్రేకింగ్ బంతుల మీద బతికేవాడైతే మరీను. ఫాస్ట్‌బాల్ మీదే నడిచేవాడైతే అంత పట్టింపు లేదు. దీన్ని వేదంలా పట్టుకోకండి, షెడ్యూల్‌లో విశ్రాంతి రోజు ఉంటే ప్రభావం పలచబడుతుంది.

ఎఫ్5_సుబ్బు

రన్‌లైన్ (గెలుపు తేడా మీద పందెం) గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? అసలు పస అక్కడే ఉందనుకుంటా.

-1.5 అంటే కనీసం రెండు రన్ల తేడాతో గెలవాలి. దీనిలో ఇల్లు-బయట తేడా చాలామంది పట్టించుకోరు. సొంతగడ్డ మీద ఆడే ఫేవరెట్ తొమ్మిదో ఇన్నింగ్స్ పైభాగం తర్వాత ముందుంటే కింది భాగం ఆడడు. అంటే ఎనిమిదిసార్లే బ్యాటింగ్. ఒక రన్ ఆధిక్యంతో ఆగిపోతే -1.5 పోయినట్టే. చివర్లో వాకాఫ్ (ఇంటి జట్టు ఆఖరి బ్యాటింగ్‌లో రన్ కొట్టగానే మ్యాచ్ ముగిసే) గెలుపైనా ఎక్కువసార్లు ఒక రన్నే. అదే కూర్స్‌కి వచ్చిన ఫేవరెట్ ముందున్నా వెనకున్నా తొమ్మిదోసారి బ్యాటింగ్ చేస్తాడు, ఆధిక్యం పెంచుకునే అవకాశం మొత్తంగా 27 అవుట్లు.

దానికి తోడు టోటల్ 11, 12 ఉన్న మ్యాచ్‌లో ఒక రన్ తేడా ఫలితాలు 7.5 టోటల్ మ్యాచ్‌లో కంటే తక్కువ. కాబట్టి ఫేవరెట్ మనీలైన్ (తేడాతో పనిలేకుండా గెలుపు మీద ధర) -240 దగ్గర ఉంటే, కూర్స్‌లో అతడి -1.5ను, అదే ఫేవరెట్ తన సొంత ఊళ్లో రాకీస్‌తో ఆడేటప్పటి -1.5ను ఒకే ధరకు కొనకూడదు. కూర్స్‌లో -150 దాకా ఇచ్చినా ఆలోచిస్తా. ఊళ్లో తక్కువ టోటల్ ఉన్న మ్యాచ్‌కి ఆ ధర ఇవ్వను. రాకీస్ +1.5 కావాలనుకునేవాళ్లకు అదే తిరగేసి: బయట, తక్కువ టోటల్, మంచి పిచర్లు ఇద్దరూ ఉన్న మ్యాచ్.

బుల్‌పెన్_బాబాయ్

సుబ్బూ, ఎదుటి జట్టు టీమ్ టోటల్ ఓవర్‌కీ నీ మాటే వర్తిస్తుంది. కూర్స్‌లో అతిథి జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్ ఖాయం. తన ఊళ్లో ఆడుతూ గెలుస్తున్న జట్టుకు ఎనిమిదే. రాకీస్ స్టార్టర్ కుప్పకూలి అవతలివాళ్లు ఆరు రన్లు కొట్టాక కూడా, 6.5 ఓవర్ పట్టుకున్నవాడికి ఆ తొమ్మిదో ఇన్నింగ్స్ ఉందా లేదా అన్నదే తేల్చేస్తుంది.

ఇంకోటి, ఆట నడుస్తుండగా పందెం వేసే లైవ్ బెట్టింగ్ వాళ్లకు. 2023 నుంచి ఉన్న నిబంధన ప్రకారం 8 రన్లు, ఆపైన వెనకబడ్డ జట్టు ఎప్పుడైనా పిచర్ కాని ఆటగాణ్ని బంతి వేయించవచ్చు. ముందున్న జట్టైతే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 10 పైన ఆధిక్యం ఉండాలి. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో ఎవరైనా సరే. రాకీస్ లాంటి జట్టు వరుసగా మూడు రోజులు రిలీవర్లను (స్టార్టర్ తర్వాత దిగే పిచర్లను) వాడేసి నాలుగో రోజు 9 రన్లు వెనకబడిందంటే క్యాచరో, యుటిలిటీ ఆటగాడో మౌండ్ ఎక్కుతాడు. టోటల్ అండర్ పట్టుకున్నవాళ్లు స్కోరు మాత్రమే కాదు, ముందు మూడు రోజుల రిలీవర్ల పిచ్ లెక్క కూడా చూడాలి.

ఎదురుపందెం

మరి మూడు నాలుగు పెద్ద ఫేవరెట్లను కలిపి పార్లే (అన్నీ గెలిస్తేనే డబ్బొచ్చే ఒకే పందెం) వేస్తే? రాకీస్‌కి ఎదురు ఒకటి, ఇంకో రెండు అలాంటివే. ఒక్కోటి -300 అయితే మూడింటికీ కలిపి రెట్టింపు పైనే వస్తుంది.

లెక్కల_మాస్టారు

చెత్త జట్ల దగ్గర జనం డబ్బు పోగొట్టుకునే అసలు దారి ఇదే బాబూ. పార్లేలో ఒక్కో పందెం -300 అంటే గిట్టుబాటుకు 75 శాతం కావాలి. నిజమైన అవకాశం 72.5 అనుకుందాం. విడిగా వేస్తే వందకు 3 డాలర్ల 33 సెంట్లు నష్టం. మూడూ కలిస్తే గెలుపు అవకాశం 38.1 శాతం, గెలిస్తే చేతికొచ్చేది పెట్టినదానికి 2.37 రెట్లు. గుణిస్తే 0.903. అంటే వందకు దాదాపు 9 డాలర్ల 70 సెంట్లు నష్టం. కమీషన్ మూడుసార్లు కట్టినట్టయింది. యాప్‌లు పార్లేల మీద అంతలా ఆఫర్లు ఎందుకిస్తాయో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఎఫ్5_సుబ్బు

మొదటి ఐదు ఇన్నింగ్స్ స్కోరు మీదే తేలే మార్కెట్ గురించి. 2024 షికాగో వైట్ సాక్స్, 2025 రాకీస్ ఇద్దరూ చెత్తే, కానీ కుళ్లు వేరువేరు చోట్ల.

వైట్ సాక్స్ 41-121. 1962 న్యూయార్క్ మెట్స్ 40-120ను దాటిన ఓటములు. కానీ వాళ్ల దగ్గర గారెట్ క్రోషే ఉన్నాడు: 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ 3.58. అతడు వేసిన రోజు మొదటి ఐదు ఇన్నింగ్స్‌లో జట్టు పోటీలోనే ఉండేది, కూలేది ఆ తర్వాతే. కాబట్టి వైట్ సాక్స్‌ను మొదటి ఐదులో తీసుకోవడానికి కారణం ఉండేది. అయితే జులై తర్వాత క్రోషే ఇన్నింగ్స్ కోసేశారు, చాలా మ్యాచ్‌ల్లో నాలుగుకే ఆపారు. ఆ సంగతి పట్టించుకోకుండా మొదటి ఐదు మీద వేసినవాళ్లకు ఐదో ఇన్నింగ్స్ రిలీవర్ చేతిలో పడింది.

రాకీస్‌లో కుళ్లు స్టార్టర్ల దగ్గరే. 6.65 ఈఆర్ఏ అంటే ఐదు ఇన్నింగ్స్‌కి దాదాపు నాలుగు రన్లు. వీళ్లకు ఎదురు వెయ్యాలనుకుంటే పూర్తి మ్యాచ్ కంటే మొదటి ఐదే సూటి దారి. మీద వెయ్యాలనుకుంటే పూర్తి మ్యాచే నయం, వెనకబడినా కూర్స్‌లో తేరుకోడానికి ఇన్నింగ్స్ మిగులుతాయి. ఆగస్టు 1న పిట్స్‌బర్గ్ పైరేట్స్ మొదటి ఇన్నింగ్స్‌లోనే 9 కొట్టినా చివరికి రాకీస్ 17-16తో గెలిచారు, బ్రెంటన్ డోయల్ వాకాఫ్ హోమ్ రన్‌తో. అలాంటివి రోజూ జరగవు గానీ, కూర్స్‌లో -900 లైవ్ ఫేవరెట్ కొనేవాడు ఆ మ్యాచ్ గుర్తుపెట్టుకోవాలి.

స్వాతి_స్లైడర్

ఇక సీజన్ గెలుపుల లైన్. నాకు అన్నిటికంటే ఆసక్తి ఇక్కడే.

రన్ల లెక్క నుంచి గెలుపులు అంచనా కట్టే పైథాగరస్ సూత్రం ఉంది: కొట్టిన రన్లను ఇచ్చిన రన్లతో భాగించి, దాన్ని 1.83 ఘాతానికి పెంచి, వచ్చిన సంఖ్యను దానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగించాలి.

వైట్ సాక్స్ 2024: 507 కొట్టి 813 ఇచ్చారు. సూత్రం చెప్పేది 48. నిజంగా గెలిచింది 41. ఏడు గెలుపులు దురదృష్టం ఖాతాలోవి. 2025లో 60-102.

డెట్రాయిట్ టైగర్స్ 2003: 591-928. సూత్రం 49, నిజం 43. మరుసటి ఏడు 72-90. అయితే ఇవాన్ రోడ్రిగెజ్, కార్లోస్ గియెన్ వంటివాళ్లను తెచ్చుకున్నారు, అది కూడా కలిసింది.

మెట్స్ 1962: 617-948. సూత్రం 50, నిజం 40. 1963లో 51-111. అంటే జట్టు బాగుపడిందేమీ లేదు, అదృష్టం మామూలు స్థాయికి వచ్చిందంతే.

రాకీస్ 2025: 597-1021. సూత్రం 44, నిజం 43. తిరిగి రావాల్సిన అదృష్టం ఒక్క గెలుపు. వైట్ సాక్స్ 41 నుంచి 60కి ఎగబాకారు కాబట్టి రాకీస్ కూడా ఎగబాకుతారని ఓవర్ వేసేవాళ్లు ఈ తేడా చూడాలి. 43 అన్నది వాళ్లకు న్యాయంగా దక్కిన సంఖ్యే.

లెక్కల_మాస్టారు

స్వాతి గారి లెక్క సరైనదే, కానీ అక్కడితో ఆపితే అండర్ వైపు మరీ ఒరిగిపోతాం. పైథాగరస్ తీసేది గెలుపుల్లోని అదృష్టాన్నే. రన్లలోనే ఉన్న అదృష్టం, గాయాలు, ఒకేసారి అందరూ విఫలమవడం దానిలో పట్టుబడవు. ఇంత అడుగున ఉన్న జట్లు ఎక్కువగా పైకే వస్తాయి. ఓక్లాండ్ అథ్లెటిక్స్ 2023లో 50, 2024లో 69. హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2013లో 51, 2014లో 70. ఆరిజోనా డైమండ్‌బ్యాక్స్ 2004లో 51, 2005లో 77. బాల్టిమోర్ ఓరియోల్స్ 2018లో 47, 2019లో మాత్రం 54కే ఆగారు. అడుగున ఉన్నవాళ్లను మిగతా లీగ్ పైకి లాగుతుంది, కానీ ఎంత దూరమనేది జట్టు ఏం చేస్తుందనేదాని మీదే.

పైగా రాకీస్ 2025లోనే రెండు ముక్కలుగా ఉంది: 9-50, 34-69. రెండో ముక్క వేగం 162కి సాగదీస్తే 53. నా నడిమి అంచనా 54-55 దగ్గర.

ఇప్పుడు గీత ఎలా గీయాలి: 55 దగ్గర అంచనా ఉంటే, మ్యాచ్‌ల సహజ ఊగిసలాటకు అటూ ఇటూ సుమారు 6 గెలుపులు, జట్టు అసలు సత్తా మనకు సరిగ్గా తెలియకపోవడానికి ఇంకో 5. రెండూ కలిపితే దాదాపు 8. లైన్ 52.5 అయితే ఓవర్ అవకాశం 62 శాతం, -110 ధరకు కావాల్సింది 52.4, కాబట్టి తీసుకోవచ్చు. లైన్ 54.5 అయితే అవకాశం సగానికి కాస్త పైన, కమీషన్‌కే సరి, వదిలెయ్యాలి. 57 దాటితే అండర్ చూడండి.

పెట్టిన డబ్బు ఆరునెలలు కదలదు. అందుకే సీజన్ పందేనికి కనీసం నాలుగైదు శాతం ఆధిక్యం లేకపోతే నేను వద్దనే అంటాను.

నాలుగో_ఇన్నింగ్స్

డిపొడెస్టా వచ్చాడు కాబట్టి ఓవర్ అని కొందరంటున్నారు. కొత్త అధిపతి మొదటి ఏడాది చేసే పని తరచుగా అమ్మకమే, కొనుగోలు కాదు. జులై చివర్లో ట్రేడ్ గడువు వస్తుంది, పనికొచ్చే రిలీవర్లు, ఇన్‌ఫీల్డర్లు వెళ్లిపోతారు. 2025లోనే రాయన్ మక్‌మాన్, జేక్ బర్డ్ ఇద్దరూ న్యూయార్క్ యాంకీస్‌కి పోయారు. వైట్ సాక్స్ 2024లో ఎరిక్ ఫెడ్డీని, మైకేల్ కోపెక్‌ను, టామీ ఫామ్‌ను, ఎలోయ్ హిమెనెజ్‌ను రెండు రోజుల్లో పంపేశారు, అదీ 21 వరస ఓటముల మధ్యలో. ఓవర్ పట్టుకున్నవాళ్లు ఆగస్టు, సెప్టెంబర్లను ఏప్రిల్ జట్టుతో లెక్కించకూడదు. మాస్టారూ, మీ 54-55లో దీనికి ఎంత తీశారు?

లెక్కల_మాస్టారు

ఒకటిన్నర గెలుపు. అమ్మేసినవాళ్ల స్థానంలో వచ్చే కుర్రాళ్లు మరీ అధ్వానంగా ఉండరు, రెండు నెలలకు అంతకంటే పెద్ద తేడా రాదు. మేనేజర్ మార్పుకైతే సున్నా. వైట్ సాక్స్ పెడ్రో గ్రిఫోల్‌ను 28-89 దగ్గర తీసేశారు, గ్రేడీ సైజ్‌మోర్ కింద 13-32. శాతం 24 నుంచి 29కి. 45 మ్యాచ్‌ల్లో రెండు గెలుపుల తేడా, యాదృచ్ఛికంగానే వచ్చేస్తుంది. "కొత్త మేనేజర్, కొత్త ఊపు" అంటూ మొదటి వారం వేసే పందేలకు ఆధారమేమీ లేదు.

బుల్‌పెన్_బాబాయ్

ఎంత పెట్టాలన్నదాని మీద ఎవరూ రాయలేదు, ఈ జట్టు విషయంలో అదే ప్రాణం.

మీ అంచనా 36 శాతం, ధర +200. ఎంత పెట్టాలో చెప్పే కెల్లీ సూత్రం: ధర రెట్లు 2ని 0.36తో గుణిస్తే 0.72, అందులోంచి 0.64 తీస్తే 0.08, 2తో భాగిస్తే 0.04. అంటే మొత్తం సొమ్ములో 4 శాతం. మీ అంచనా తప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పావు వంతు, 1 శాతం పెట్టండి. వెయ్యి డాలర్లు పక్కన పెట్టుకుంటే పందెం పది డాలర్లు. అంతే. మూడింట ఒకసారి గెలిచే పందెంలో వరుసగా పది, పన్నెండు పోవడం సీజన్లో జరిగే అవకాశం తక్కువేమీ కాదు, మీ లెక్క సరైనదైనా సరే. ఆ పన్నెండో రోజున పందెం రెట్టింపు చేసేవాడికి ఏ లెక్కా పనికిరాదు.

ఇల్లినాయిలో ఉన్నవాళ్లకు: 2025 జులై నుంచి రాష్ట్రం ఒక్కో పందేనికి పన్ను వేస్తోంది, పెద్ద బుక్‌లు 50 సెంట్లు మీమీదే వేస్తున్నాయి. పది డాలర్ల పందెం మీద 50 సెంట్లంటే 5 శాతం. పైన మనం వెతుక్కున్న లాభమంతా అక్కడే ఊడ్చుకుపోతుంది.

కొండమీది_బంతి

పందెం నొక్కేముందు చూడాల్సినవి, కూర్స్ మ్యాచ్‌ల కోసం ముఖ్యంగా:

స్టార్టర్ మారితే ఏమవుతుందో. కొన్ని బుక్‌లలో "లిస్టెడ్ పిచర్స్" ఎంచుకోవచ్చు, మారితే డబ్బు వాపసు. "యాక్షన్" అయితే ఎవరు వేసినా పందెం నిలుస్తుంది. ఇది ఎంచుకునే వీలే లేని యాప్‌లున్నాయి, నిబంధనల పేజీ చదవండి. రాకీస్ స్టార్టర్ల పరిస్థితికి చివరిగంట మార్పులు అరుదేమీ కాదు.

వాన. డెన్వర్‌లో వేసవి మధ్యాహ్నాలు, సాయంత్రాలు ఉరుముల వాన మామూలే. మనీలైన్ సాధారణంగా ఐదు ఇన్నింగ్స్ అయితే చెల్లుతుంది, ఇంటి జట్టు ముందుంటే నాలుగున్నర. కానీ రన్‌లైన్, టోటల్ చెల్లాలంటే తొమ్మిది ఇన్నింగ్స్, ఇంటి జట్టు ముందుంటే ఎనిమిదిన్నర కావాలంటాయి చాలా బుక్‌లు. ఏడో ఇన్నింగ్స్‌లో 14 రన్లు దాటి ఓవర్ గెలిచినట్టే అనుకున్నవాడికి మ్యాచ్ ఆగిపోతే కొన్ని బుక్‌లలో డబ్బు వెనక్కి, లాభం లేదు. ఆగిన మ్యాచ్ మర్నాడు కొనసాగితే ఏం చేస్తారన్నది ఒక్కో బుక్‌లో ఒక్కోలా ఉంటుంది.

గాలి, ఎండ. టోటల్ 11.5 దగ్గర తెరుచుకుని గాలి బయటికి వీస్తే 12.5కి కదులుతుంది. కదిలాక ఓవర్ కొనడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. లైనప్‌లు మూడు నాలుగు గంటల ముందు వస్తాయి, రాత్రి మ్యాచ్ తర్వాత పగటి మ్యాచ్ అయితే మొదటి క్యాచర్ తరచుగా ఆడకుండా కూర్చుంటాడు. 31 హోమ్ రన్లు కొట్టిన హంటర్ గుడ్‌మన్ రాకీస్‌కి మొదటి క్యాచర్. అతడు బ్యాటింగ్‌లో కూడా లేకపోతే టీమ్ టోటల్ లెక్క మారాలి.

ఎఫ్5_సుబ్బు

ఒక్కో పిచ్ మీద వేసే పందేల సంగతి కూడా రాయండి ఎవరైనా. రాకీస్ స్టార్టర్ మొదటి బంతి బాల్ అవుతుందని వేసేవాళ్లు కనిపిస్తున్నారు.

బుల్‌పెన్_బాబాయ్

వద్దు సుబ్బూ. అందులో కమీషన్ ఎక్కువ, మనకు ఏ ఆధిక్యమూ లేదు. 2025 నవంబర్ నుంచి ఎంఎల్‌బీ, బుక్‌లు కలిసి పిచ్ పందేలకు 200 డాలర్ల పరిమితి పెట్టాయి, పార్లేల్లో కలపనివ్వట్లేదు. బంతులు అమ్ముకున్నారన్న ఆరోపణలతో ఇద్దరు పిచర్ల మీద కేసు నమోదయ్యాక వచ్చిన మార్పు అది. ఒక్క మనిషి చేతిలో ఉన్న ఒక్క బంతి మీద డబ్బు పెట్టడంలో లెక్క ఏముంటుంది?

స్వాతి_స్లైడర్

అమెరికా పన్ను గురించి కూడా, ఎందుకంటే ఇక్కడ చదివేవాళ్లలో చాలామంది వీసాల మీద ఉన్నవాళ్లు.

2026 నుంచి పందేల నష్టంలో 90 శాతమే లాభానికి ఎదురు చూపించవచ్చు. ఏడాదిలో 20,000 గెలిచి 20,000 పోగొట్టుకుంటే నష్టం కింద ఒప్పుకునేది 18,000. చేతికి ఏమీ మిగలకపోయినా 2000 మీద పన్ను. అదీ స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఇచ్చే స్థిర మినహాయింపు) వదులుకుని ఐటమైజ్ చేస్తేనే (మినహాయింపులు ఒక్కోటీ విడిగా చూపిస్తేనే). అది చెయ్యనివాళ్లకు 20,000 మొత్తం ఆదాయమే.

ఎఫ్-1 మీద చదువుకుంటున్నవాళ్లు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్-రెసిడెంట్లు. వాళ్లకు నష్టాలు తగ్గించుకునే వీలే లేదు, గెలుపు మీద 30 శాతం. పైన మనం లెక్కించిన రెండు, మూడు, ఐదు శాతం ఆధిక్యాలు వాళ్ల విషయంలో అసలు లేనట్టే. విద్యార్థులు ఈ మార్కెట్లో దిగకూడదని నేను గట్టిగా చెబుతాను. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు రెసిడెంటో కాదో ఆ ఏడాది రోజుల లెక్కతో తేల్చుకుని, పందేల చిట్టా తేదీ, మార్కెట్, ధర, సొమ్ము, ఫలితంతో సహా ఉంచుకోండి.

ఎదురుపందెం

సరే, మొదటి నెల ఏమీ వెయ్యకుండా ధరలు మాత్రం రాస్తాను. ప్రతి రాకీస్ మ్యాచ్‌కీ తెరిచిన ధర, ముగిసిన ధర, స్టార్టర్ పేరు, ఇల్లా బయటా. ఇంకేమైనా కాలమ్ కావాలా?

లెక్కల_మాస్టారు

విగ్ తీసేసిన శాతం ఒక కాలమ్, మ్యాచ్ మొదలవకముందే నువ్వు వేసిన శాతం ఇంకో కాలమ్. నెలాఖరుకి నువ్వు అంచనా వేసినవైపే ముగింపు ధర కదులుతోందా చూడు. 25 మ్యాచ్‌ల్లో గెలుపు ఓటములు ఏమీ చెప్పవు, ధర కదలిక చెబుతుంది. మూడింట రెండు వంతులు నీవైపు కదిలితే మే నెలలో పావు కెల్లీతో మొదలుపెట్టు. సగం సగంగా ఉంటే షీట్ కొనసాగించు, డబ్బు జేబులోనే ఉంచు.